ద్రవ్యవేగ నిత్యత్వం: ‘వేగం’ తీసి ‘వడి’ పెడితే?

ప్రశ్న: వాడుకలో వడి, వేగం ఒకటే కదా. మరి ‘ద్రవ్యవడి’ అంటే తప్పేంటండీ? ఇంకోటి, క్యారమ్స్‌లో స్ట్రైకర్ కాయిన్‌కి తగిలాక నెమ్మదిస్తుంది. దాని ద్రవ్యవేగం (ద్రవ్యరాశి × వేగం) తగ్గినట్టేగా, ఇక నిత్యత్వం ఎక్కడ?

జవాబు: పాఠ్యపుస్తకాల్లో వడికి దిశ లేదు, వేగానికి ఉంది. బయటి బలం లేకపోతే మొత్తం ద్రవ్యవేగం మారదన్న నియమమంతా ఆ దిశ మీదే నిలబడింది. చెరో కిలో ఉన్న రెండు మట్టిముద్దలు సెకనుకు 3 మీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చి, గుద్దుకుని, అతుక్కుని ఆగిపోయాయి. వడితో లెక్కేస్తే ముందు 6, తర్వాత 0. వేగంతో వేస్తే +3, −3 కలిపి ముందూ సున్నే, తర్వాతా సున్నే. ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ 1644లో దిశను వదిలేసి సూత్రం చెప్పాడు, అక్కడే దెబ్బతిన్నాడు. ‘ద్రవ్యవడి’ అంటే మళ్లీ ఆయన దగ్గరికే పోతాం.

మరొకరు: నిత్యంగా ఉండేది మొత్తం, విడివిడిగా ఒక్కోదానిది కాదు. స్ట్రైకర్ 15 గ్రాములు, కాయిన్ 5 గ్రాములు అనుకోండి. స్ట్రైకర్ సెకనుకు 2 మీటర్లతో వెళ్లి, ఆగి ఉన్న కాయిన్‌ని సూటిగా కొట్టింది. శక్తి నష్టం లేదనుకుంటే స్ట్రైకర్‌కి 1 మిగులుతుంది, కాయిన్‌ 3తో పోతుంది. ముందు 15×2 = 30; తర్వాత 15×1 + 5×3, అదీ 30.

అడిగినవారు: అంటే ఇది న్యూటన్ మూడో నియమమేనా, వేరే మాటల్లో?

జవాబు: మూడోది ఒక్కటే చాలదండీ. స్ట్రైకర్ కాయిన్‌ని ఎంత బలంతో తోస్తే కాయిన్ స్ట్రైకర్‌ని అంతే బలంతో వెనక్కి తోస్తుంది, ఇది మూడోది. రెండింటికీ తాకిడి కాలం ఒకటే, కనుక ప్రచోదనాలూ (బలం × కాలం) సమానం, దిశలే వ్యతిరేకం. ప్రచోదనమంటే ద్రవ్యవేగంలో మార్పే, ఇది రెండోది. ఒకదాని లాభం రెండోదాని నష్టం. న్యూటన్ కూడా 1687లో దీన్ని నాలుగో నియమంగా పెట్టలేదు, నియమాల కింద మూడో ఉపసిద్ధాంతంగా రాబట్టాడు.

పిల్లలు తరచూ పడే గోతి ఇంకోటుంది. ‘చర్య, ప్రతిచర్య సమానమైతే కొట్టుకుపోవాలి, మరి కాయిన్ ఎందుకు కదిలింది?’ అంటారు. అవి రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. ఆ రెండిట్లో కాయిన్ మీద ఉన్నది ఒక్కటే. రెంటినీ ఒకే వ్యవస్థగా తీసుకున్నప్పుడే కొట్టుకుపోతాయి.

మరొకరు: కాయిన్ బోర్డు అంచుకి తగిలి తిరిగొస్తే గుర్తు మారుతుంది, మొత్తం కలవదు. నియమం తప్పలేదు, అంచు బయటి బలం ఇచ్చింది. ఘర్షణా బయటిదే. కానీ తాకిడి మిల్లీసెకనులో అయిపోయి, ఘర్షణ గుణకం 0.1 అయితే, అది తగ్గించే వేగం సెకనుకు మిల్లీమీటరే. అందుకే లెక్క తాకిడికి సరిగ్గా ముందూ, వెంటనే తర్వాతా వేయాలి. కాయిన్ ఆగిపోయాక కొలిచి ‘కలవలేదు’ అంటే ఎలా?