చలికాలం పొద్దున్నే రోడ్ బైక్ మీద ఏం వేసుకెళ్తున్నారు? (బెజవాడ రైడ్స్ + అరకు ఘాట్)

కరకట్ట_రైడర్:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. మాది తాడేపల్లి, పొద్దున్నే అయిదుంబావుకి బయల్దేరి బ్యారేజీ దాటి భవానీపురం, గొల్లపూడి మీదుగా ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళొస్తుంటా. ఇన్నాళ్ళూ షార్ట్స్, హాఫ్ హ్యాండ్స్ జెర్సీ సరిపోయింది గానీ ధనుర్మాసం వచ్చిన దగ్గర్నుంచీ బ్యారేజీ మీద గాలి ఉంది చూశారూ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, బ్రేక్ పట్టుకున్నానో లేదో కూడా తెలీట్లా. అమ్మేమో స్వెట్టర్, మంకీ క్యాప్ వేస్కోమంటది. స్వెట్టర్ వేస్తే గొల్లపూడి వచ్చేసరికి లోపలంతా చెమట, తిరుగొచ్చేప్పుడు ఎనిమిదింటికల్లా ఎండ చురుక్కుమంటది, దాన్ని తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. పైగా ఈ నెలాఖర్లో ఫ్రెండ్స్‌తో అరకు అనుకుంటున్నాం, ఎస్.కోట నుంచి ఘాట్ ఎక్కి మర్నాడు పొద్దున్నే దిగుతాం. చూట్టానికీ నీట్‌గా ఉండాలండీ, గోనెసంచి కట్టుకున్నట్టు ఉండకూడదు. బడ్జెట్ మూడు నాలుగు వేలు.

బ్రాడీపేట_పెడల్:
తమ్ముడూ, మన గుంటూరు బెజవాడల్లో చలంటే పొద్దున రెండు మూడు గంటలే, తొమ్మిదింటికి మళ్ళీ ఉక్క. అందుకని ఒక్క మందపాటి జాకెట్ మీద డబ్బులు పెట్టొద్దు, విడివిడిగా తీసేసి జెర్సీ వెనక జేబులో కుక్కుకునేవే కొనుక్కో. ఆర్మ్ వార్మర్లు (చేతులకి విడిగా తొడుక్కునే స్లీవ్స్), చేతుల్లేని విండ్ జాకెట్ (గిలే అంటారు), సన్నటి ఫుల్ ఫింగర్ గ్లౌజులు, మెడకి ఒక బఫ్ (గొట్టంలా ఉండే సాగే గుడ్డ). నాలుగూ మడిస్తే ఒకటి రెండు జేబుల్లో పట్టేస్తాయి.

చలి ఎక్కడ పడుతుందో చూడు. గాలి అసలు లేకపోయినా నువ్వు 28 స్పీడులో తొక్కితే ఆ 28 కిలోమీటర్ల గాలి నీ ఛాతీకి తగుల్తూనే ఉంటది, అందుకే గిలేకి ముందు వైపు గాలి దూరని గుడ్డ, వెనక జాలీ ఉంటది, చెమట అటు పోద్ది. రెయిన్‌కోట్ లాంటి ప్లాస్టిక్ జాకెట్లు మాత్రం వేస్కోమాక, గాలి ఆపుద్ది నిజమే గానీ చెమటంతా లోపలే ఉండి టీ కోసం ఆగిన రెండు నిమిషాల్లో వణికిస్తది. లోపల కాటన్ బనీనూ వద్దు, అది చెమట పీల్చుకుని ఒంటికి అతుక్కునే ఉంటది, పాలిస్టర్ బేస్ లేయర్ అయితే తొందరగా ఆరిపోద్ది.

ఇంటి గేటు దగ్గర కొంచెం చలేస్తేనే కరెక్టుగా వేసుకున్నట్టు. పది పదిహేను నిమిషాలు తొక్కితే ఒళ్ళు అదే వేడెక్కుద్ది.

అరకు సంగతి వేరే. ఎక్కేప్పుడు చలి తెలీదు, జిప్ తీసుకుని ఎక్కుతావు, చెమట కారిపోద్ది. దిగేప్పుడే అసలు బాధంతా, పెడల్ తొక్కవు కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు, స్పీడేమో డబులు. కాబట్టి చలి మొదలయ్యాక కాదు, దిగడం మొదలెట్టక ముందే ఆగి అన్నీ వేస్కోవాలి. పాలిథిన్ కవర్లో ఒక పొడి బేస్ లేయర్ పెట్టుకో, తడిసింది తీసి అది వేస్కో. ఇంకా చలనిపిస్తే పాతకాలం ఉపాయం ఒకటుంది, టూర్ డి ఫ్రాన్స్‌లో కొండ మీద జనం రైడర్లకి న్యూస్ పేపర్లు అందించేవాళ్ళు. టీ కొట్టు దగ్గర నిన్నటి పేపర్ అడిగి రెండు షీట్లు నిలువుగా మడిచి బేస్ లేయర్‌కీ జెర్సీకీ మధ్యన పెట్టి, కింద అంచు బిబ్ (భుజాలకి పట్టీలుండే సైక్లింగ్ షార్ట్స్) లోపలికి దోపి జిప్ వేసెయ్. మలుపుల్లో కరకరమంటది గానీ ఛాతీకి గాలి తగలదు. కిందకి దిగాక చెత్తబుట్టలో వెయ్యి, రోడ్డు మీద మాత్రం పారెయ్యకు దయచేసి.

మంగళగిరి_సుధ:
పై అన్నయ్య గారు చెప్పిందంతా కరెక్టే, నేను కాళ్ళు, తల గురించి చెప్తా. ట్రాక్ ప్యాంట్ వేస్కుని రోడ్ బైక్ ఎక్కొద్దు, కుడి కాలి అంచు చైన్‌లో పడుతుంది, అదో ప్రమాదం. బిబ్ షార్ట్స్ కిందకి మోకాలి వార్మర్లు (knee warmers) సరిపోతాయి, పై అంచు షార్ట్స్ లోపలికి పోవాలి, బయటికి కనపడితే అస్సలు బాగోదు, జారిపోతుంది కూడా. మంకీ క్యాప్ ఇంట్లోనే ఉంచు బాబూ. హెల్మెట్ కింద అంత మందం పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు, పైగా చెవులు మొత్తం మూసుకుపోయి వెనకొచ్చే లారీ హారన్ సరిగ్గా వినపడదు. సన్నటి స్కల్ క్యాప్ చాలు. అమ్మాయిలెవరైనా చదువుతుంటే జడ కిందకి, మెడ దగ్గరగా వేస్కోండి, పైకి ముడేస్తే హెల్మెట్ ఎత్తుగా లేస్తుంది.

స్టైల్ అంటారా, కింద అంతా నలుపు, వార్మర్లూ నలుపే, పైన ఒక్కటే రంగు, సాక్స్ ఆ రంగుకి కలిసేది. సైజు మాత్రం ఒంటికి పట్టినట్టు ఉండాలి, గాలికి పటపటా కొట్టుకునే జెర్సీ ఎంత ఖరీదైనా బాగోదు, చలి కూడా ఆపదు. రోడ్డు పక్కన స్వెట్టర్ల స్టాళ్ళలో ఉన్ని గ్లౌజులు చవగ్గా వస్తాయి, నడకకి సరే గానీ గాలి దూరిపోతుంది, బ్రేక్ లివర్ మీద జారతాయి కూడా.

సీతానగరం_ఘాట్:
సుధ గారూ, నలుపు దగ్గరే నాకు అభ్యంతరం అండీ. జనవరిలో మనకి ఆరున్నర దాటాక గానీ సూర్యుడు రాడు, కృష్ణ ఒడ్డున మంచు పడితే పది గజాల్లో ఉన్న మనిషి కనపడడు. అయిదింటికి నల్ల బట్టల్తో రోడ్డెక్కితే లారీ డ్రైవర్ని ఏమనగలం? చాలామంది చిలకపచ్చ ఫ్లోరసెంట్ వేస్కుంటే చాలనుకుంటున్నారు, ఆ రంగు వెలిగేది పగటి వెలుతుర్లోనే, చీకట్లో హెడ్‌లైట్ పడితే పెద్దగా మెరవదు. రాత్రికి పనికొచ్చేది రిఫ్లెక్టివ్ పట్టీ. అది కూడా వీపు మీద కంటే చీలమండల దగ్గర కట్టుకోండి, కాళ్ళు పైకీ కిందకీ ఆడుతుంటాయి కాబట్టి సైకిలని దూరం నుంచే తెలుస్తుంది. బ్రెవేల్లో (టైం లిమిట్‌తో తొక్కే దూరపు రైడ్లు) కూడా రాత్రిపూట లైట్లు, రిఫ్లెక్టివ్ వెస్ట్ లేకపోతే ఒప్పుకోరు. వెనక ఎర్ర లైటు ఎలాగూ తప్పదు.

మంగళగిరి_సుధ:
ఒప్పుకుంటానండీ. కింద నలుపు ఉంచి చీలమండలకి పట్టీలు, పైన లేత రంగు గిలే అయితే రెండూ కుదుర్తాయి.

కరకట్ట_రైడర్:
థాంక్యూ అందరికీ, చాలా క్లియర్‌గా చెప్పారు. ఇంకో డౌట్, కాలి వేళ్ళు కూడా గడ్డకడుతున్నాయి, రెండు జతల సాక్స్ వేస్కోనా? నాలుగు వేలల్లో ముందు ఏవి కొనాలి?

బ్రాడీపేట_పెడల్:
రెండు జతలు వద్దు తమ్ముడూ, షూ బిగుతై రక్తం సరిగ్గా ఆడదు, ఇంకా చల్లబడతాయి. షూ ముందు భాగంలో గాలికి రంధ్రాలుంటాయి చూడు, ఇన్‌సోల్ తీసి వాటి మీద లోపల్నుంచి టేప్ వేసెయ్, బెజవాడ చలికి అది చాలు. అరకుకి టో కవర్లు (షూ ముందు భాగానికి తొడిగేవి) తీస్కో. డబ్బులు ముందు గ్లౌజులకీ గిలేకీ పెట్టు, తర్వాత ఆర్మ్ వార్మర్లు, మిగిలితే మోకాలి వార్మర్లు. వేళ్ళు మొద్దుబారి ఘాట్‌లో బ్రేక్ అందకపోతే మిగతావి ఎన్ని ఉన్నా లాభం లేదు. గిలే సైజు ఆన్‌లైన్లో చూసి ఆర్డర్ పెట్టకు, ఆదివారం మేం ఉండవల్లి గుహల దాకా వస్తున్నాం, నాది మీడియం, వేస్కుని చూసి అప్పుడు కొనుక్కో.