'స్పేస్ జామ్' మీద మన ప్రేమ సినిమాదా, మన చిన్నతనానిదా?

పాతబొమ్మ:
'స్పేస్ జామ్'ను తిట్టడం ఈమధ్య చాలా తేలికైపోయింది. పేరెత్తితే చాలు, "చిన్నప్పుడు చూశావు కాబట్టి నచ్చింది, ఇప్పుడు చూడు తెలుస్తుంది" అంటారు. మొన్ననే మా అబ్బాయితో కలిసి చూశాను. ఇంకా నచ్చింది.

చూడనివాళ్ళకి కథ క్లుప్తంగా. ఎక్కడో వేరే గ్రహంలో ఓ వినోదాల పార్కు దివాలా తీసేలా ఉంటుంది. బగ్స్ బన్నీ, డాఫీ డక్ లాంటి లూనీ ట్యూన్స్ కార్టూన్ పాత్రలందరినీ ఎత్తుకొచ్చి జనం ముందు ఆడించాలని దాని యజమాని పన్నాగం. బగ్స్ తెలివిగా బాస్కెట్‌బాల్ పందెం కడతాడు. వాళ్ళని పట్టుకుపోవడానికి వచ్చిన పొట్టి జీవులేమో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాళ్ళు ఐదుగురి ఆట నైపుణ్యాన్ని దొంగిలించి రాక్షసులంత అవుతారు. ఇక దిక్కులేక బగ్స్ ముఠా నిజం బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డన్‌ని కార్టూన్ లోకంలోకి లాక్కుంటుంది. 1996 సినిమా, నిడివి గంటన్నర కూడా ఉండదు.

లోపాలు నాకూ తెలుసు. కథ పలచన. జోర్డన్‌కి నటన రాదు. ఆట పోయిన ఎన్‌బీఏ వాళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగే సీన్లు సాగుతాయి. కానీ మొదటి సీన్ చూడండి. 1973, రాత్రిపూట చిన్న జోర్డన్ ఒక్కడే బంతి వేస్తుంటే నాన్న వచ్చి నిలబడతాడు. నిజంగా ఆయన తండ్రి 1993 జులైలో హత్యకు గురయ్యాడు. ఆ అక్టోబరులో జోర్డన్ ఆట వదిలేసి బేస్‌బాల్‌కి వెళ్ళాడు. 1995 మార్చిలో తిరిగొచ్చాడు, ఆ వేసవిలో ఈ సినిమా చేశాడు. తండ్రి పోయి రెండేళ్ళే అయింది. అది తెలిసి చూస్తే ఆ సీను ఉత్త పిల్లల సినిమా సీనులా అనిపించదు. నాకు కనబడుతున్నది నా చిన్నతనమే అంటే ఒప్పుకోను. తెర మీద ఉన్నదే చూస్తున్నాను.

రాత్రిషో:
ఆ సీనులో వచ్చే పాట పాడినవాడికి 2022లో 30 ఏళ్ళ జైలుశిక్ష పడింది, మహిళల మీద, మైనర్ల మీద చేసిన నేరాలకి. నేనిప్పుడు ఆ పాట వినలేను. మీకు ఇబ్బంది అనిపించలేదా?

పాతబొమ్మ:
అనిపించింది. సౌండ్ తగ్గించి చూశాను. సీను నిలబడింది.

కీఫ్రేమ్:
నేను యానిమేషన్ పని చేస్తాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఇది ప్రకటనల్లోంచి పుట్టిన సినిమా. 1992 సూపర్ బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) జోర్డన్, బగ్స్ కలిసి చేసిన నైకీ ప్రకటన వచ్చింది. అది తీసింది జో పిట్కా. సినిమాకీ ఆయనే దర్శకుడు. అది దాచుకోను కూడా దాచుకోలేదు. జోర్డన్ సహాయకుడి పాత్ర ఒకే గుక్కలో లోదుస్తుల బ్రాండు, బూట్ల బ్రాండు, అల్పాహారం బ్రాండు, కూల్ డ్రింకు బ్రాండు, బర్గర్ బ్రాండు చదివేస్తుంది. గుర్తుందా?

అంతకంటే పెద్ద లోపం బగ్స్. పాత పొట్టి సినిమాల్లో బగ్స్‌కి ఎవరి సాయమూ అక్కర్లేదు. తుపాకీతో వచ్చినవాడి చేతే ఆ తుపాకీని వాడి మీదే పేల్పిస్తాడు. అలాంటివాడు ఇక్కడ ఒక స్టార్ ఆటగాడి పక్కన చప్పట్లు కొట్టేవాడయ్యాడు. ఆ పాత్రను తీర్చిదిద్దినవాళ్ళలో ఒకరైన చక్ జోన్స్‌కి ఈ సినిమా నచ్చలేదు. ఆయన మాట కంటే మన చిన్ననాటి సంతోషం ఎక్కువా?

స్కోర్‌బోర్డు:
ఒక్క విషయం ఎవరూ మాట్లాడరు. హాఫ్ టైమ్‌కి స్కోరు 66–18, రాక్షసులదే ఆధిక్యం. చివరికి 78–77తో బగ్స్ జట్టు గెలుస్తుంది. అంటే రెండో సగంలో రాక్షసులు వేసింది 11 పాయింట్లు. ఐదుగురు ఎన్‌బీఏ ఆటగాళ్ళ ఆట ఒంట్లో ఉంచుకుని 11! ఆ ఆటను వాళ్ళు తిరిగిచ్చేది మ్యాచ్ అయ్యాకే. ఇది కథలో లోపం కాదా?

బఠానీ:
కార్టూన్ అండీ అది.

స్కోర్‌బోర్డు:
కార్టూన్ అయితే స్కోరు ఎందుకు చూపించారు? చూపించాక లెక్క సరిపోవాలి.

పాయింట్‌గార్డ్:
నేను లోలా కోసం వచ్చాను. బగ్స్ పక్కన ఆడపిల్ల కావాలని ఈ సినిమా కోసమే పుట్టించిన కుందేలు. ఆమె మీద ఇప్పుడు అందరూ రాసేది ఒకటే, గీసిన తీరు బాగాలేదు, మగవాళ్ళ చూపు కోసం గీశారు అని. నిజమే, కాదనను. కానీ వచ్చీ రాగానే ఆమె చేసే పని ఏమిటి? బగ్స్‌తో ఒకరి మీద ఒకరుగా ఆడి వాణ్ణి ఓడించి, "నన్ను బొమ్మా అని పిలవొద్దు" అని చెప్పి వెళ్ళిపోతుంది.

నేను కాలేజీలో ఆడేదాన్ని. పొట్టిదాన్నని మా కోచ్ నన్ను మ్యాచ్‌లకు తీసుకెళ్ళేవాడు కాదు, నీళ్ళ బాటిళ్ళు మోయమనేవాడు. ఆట దొంగిలించబడిన ఐదుగురిలో మగ్సీ బోగ్స్ ఉన్నాడు చూడండి, 5 అడుగుల 3 అంగుళాల మనిషి. ఎన్‌బీఏ చరిత్రలో అంతకంటే పొట్టివాడు లేడు. ఆయన్నీ, ఆ అమ్మాయినీ ఒకే సినిమాలో చూశాను నేను. చక్ జోన్స్‌కి నచ్చకపోతే నాకేం?

కీఫ్రేమ్:
మీకు మేలు చేసింది, సంతోషం. కానీ మేలు చేసిందల్లా మంచి సినిమా అయిపోదు. అదే లోలా చివర్లో ఏం చేస్తుంది? బగ్స్ తనను పక్కకి నెట్టి కాపాడితే ముద్దు పెట్టి ఊరుకుంటుంది. అంతకుమించి మ్యాచ్‌లో ఆమెకేం పని ఇచ్చారు?

పాయింట్‌గార్డ్:
బుట్టలు వేస్తుంది. మీరు చూడలేదేమో.

పాతబొమ్మ:
కీఫ్రేమ్ గారూ, మీరు ఈ రంగంలో ఉండి పనితనం గురించి ఒక్క మాటా అనకపోవడం ఆశ్చర్యం. బొమ్మల మీద ఆ నీడలు, అంచుల మీద పడే స్టేడియం వెలుగు చూడండి. అన్నీ చేత్తో గీసినవే.

కీఫ్రేమ్:
గీతలు చేత్తో. రంగులు, నీడలు కంప్యూటర్లో. బొమ్మలకు గుండ్రంగా వెలుగునీడలు రావడానికి ఒక్కో ఫ్రేముకి విడిగా నీడ పొర తయారుచేసి కలిపారు. బాగా చేశారు, కాదనడం లేదు. కానీ ఎనిమిదేళ్ళ ముందు, 1988లో మనుషులూ కార్టూన్లూ కలిసి కనిపించే 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'లో ఆ పొరలన్నీ కంప్యూటర్ లేకుండా, ఫిల్ము మీద ఆప్టికల్ ప్రింటర్‌తో కలిపారు. అక్కడ బొమ్మ గ్లాసు పట్టుకుంటే నిజం గ్లాసే గాల్లో కదులుతుంది, కింద నుంచి ఎవరో కడ్డీలతో ఆడించారు. లైటు ఊగే సీనులో కుందేలు మీద నీడ కూడా ఊగుతుంది. అంత కష్టం ఎవరూ అడగలేదు, అయినా చేశారు. 'స్పేస్ జామ్'లో జోర్డన్ పచ్చటి గదిలో, పచ్చబట్టలు వేసుకున్న మనుషుల మధ్య ఆడాడు, బొమ్మలు తర్వాత చేర్చారు. అందుకే చాలా షాట్లలో ఆయన చూపు బొమ్మ కళ్ళ మీద ఉండదు. కాస్త పైనో, కిందో ఉంటుంది. ఆపి చూడండి.

పాతబొమ్మ:
ఆపి చూస్తే ఏ సినిమా అయినా పాడవుతుంది.

కీఫ్రేమ్:
ఆపకుండా చూసినా ఒంటికి తెలుస్తుంది, ఎందుకో చెప్పలేం అంతే.

మ్యాటినీ:
చివరి డంక్ చాలు నాకు. కోర్టు సగం నుంచి జోర్డన్ చెయ్యి బుట్ట దాకా సాగుతుంది చూడండి, ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తాను.

స్కోర్‌బోర్డు:
ఆ డంక్ ముందు స్కోరు 77–76. అది ఒప్పుకుంటాను. 18 నుంచి 76 దాకా మిగతా 58 పాయింట్లు ఎలా వచ్చాయి?

పాయింట్‌గార్డ్:
చెబుతాను. హాఫ్ టైమ్‌లో బగ్స్ మామూలు నీళ్ళ సీసా మీద "మైకేల్ రహస్య మందు" అని రాసి అందరికీ తాగిస్తాడు. వాళ్ళు కార్టూన్లలాగే ఆడటం మొదలుపెడతారు, బాంబులు, ఉచ్చులు, అన్నీ. జోర్డన్ నియమాలతో ఆడినంతసేపూ ఓడారు, తమ నియమాలతో ఆడాక గెలిచారు. కీఫ్రేమ్ గారికి కావలసిన పాత బగ్స్ కూడా అక్కడే ఉన్నాడు మరి.

కీఫ్రేమ్:
అది మంచి మాట. కానీ సినిమా దాన్ని కొద్ది నిమిషాల్లో ముగించి మళ్ళీ జోర్డన్ చేతికే ఇచ్చింది.

అసలు నాకెందుకింత మంటో చెబుతాను. మేం కొందరం కలిసి ఓ పిల్లల సినిమా కథ రాసుకున్నాం. రాత్రిళ్ళు కూర్చుని టెస్ట్ షాట్ చేశాం. ఒక నిర్మాణ సంస్థ దగ్గరికి తీసుకెళితే మొదటి ప్రశ్న, "ఇందులో తల్లిదండ్రులకి ముందే తెలిసిన పాత్ర ఏదైనా ఉందా?" లేదన్నాం. ల్యాప్‌టాప్ తెరవనివ్వలేదు. టికెట్ కొనేది పెద్దవాళ్ళు, వాళ్ళు కొనేది వాళ్ళ జ్ఞాపకాన్ని అని మొహం మీదే చెప్పారు. మీ ప్రేమ అమాయకమైనది అనుకుంటున్నారు మీరు. దాన్ని లెక్కలు కట్టేవాళ్ళున్నారు.

పాతబొమ్మ:
ఓహో. మీ కథ తీసుకోలేదని 1996 నాటి సినిమా మీద కక్ష. ముందే చెప్పి ఉంటే ఇంత సేపు జవాబులు రాసేవాణ్ణి కాదు.

కీఫ్రేమ్:
నీకు అర్థమైంది అదేనా?

పాతబొమ్మ:
నువ్వు, నీకు అనేంత చనువు మన మధ్య లేదు.

కీఫ్రేమ్:
సరే, మీరు. రెండో సినిమా చూశారా, 2021లో ఇంకో బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌తో తీసింది? మ్యాచ్ చూసే జనంలో ఎవరెవరున్నారో గమనించారా? పిల్లలు చూడకూడని పాత సినిమాల్లోని రౌడీలు వరసగా నిలబడి చప్పట్లు కొడుతుంటారు. పదేళ్ళ పిల్లకి వాళ్ళు ఎవరో తెలీదు, తెలియకూడదు కూడా. వాళ్ళు ఉన్నది మనం వేలు చూపించి "అదిగో" అనడానికి. పిల్లల సినిమాలో పిల్లల సీట్లు మనం ఆక్రమించాం. మీలాంటి వాళ్ళ ప్రేమ చూపించే కదా ఆ సినిమా తీశారు!

పాతబొమ్మ:
1996 సినిమాలో మాత్రం? ఎల్మర్ ఫడ్, యోసెమిటీ సామ్ నల్ల సూట్లు వేసుకుని తుపాకులు పేలుస్తారు, వెనక గిటార్ మోత. 'పల్ప్ ఫిక్షన్' అనే పెద్దల సినిమాకి అనుకరణ అది. ఏ పిల్లవాడికి తెలుసు? అసలు లూనీ ట్యూన్స్ పుట్టిందే థియేటర్లో పెద్దవాళ్ళతో కలిపి అందరికీ. పెద్దల సరదా కలవడం తప్పైతే మీ చక్ జోన్స్ సినిమాలు కూడా తప్పే.

కీఫ్రేమ్:
ఆ సీనులో తెలియని పిల్లాడికీ ఇద్దరు పొట్టివాళ్ళు తుపాకులు పేల్చి రాక్షసుల పళ్ళు రాలగొట్టడం కనిపిస్తుంది, నవ్వొస్తుంది. రెండో సినిమా జనంలో తెలియనివాడికి ఏమీ లేదు. నేనంటున్న తేడా అదే.

రాత్రిషో:
పాతబొమ్మ గారూ, మీ అబ్బాయితో కలిసి చూశానన్నారు కదా? వాడేమన్నాడు? మీరు చెప్పలేదు.

పాతబొమ్మ:
హాఫ్ టైమ్ దాకా కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు. పిలిచినా రాలేదు. కోపం వచ్చింది నాకు, అరిచాను కూడా.

మా నాన్న ఈ సినిమాకి తీసుకెళ్ళారు నన్ను. ఆయనకి బాస్కెట్‌బాల్ తెలీదు, ఇంగ్లీషు డైలాగులు అందలేదు. డాఫీ ఎప్పుడు దెబ్బతిన్నా గట్టిగా నవ్వారు. మా వాడు పుట్టకముందే ఆయన పోయారు. వాడికి తాతయ్య గురించి ఏం చెప్పినా "ఊఁ" అంటాడు. ఈ సినిమా చూస్తే ఆ నవ్వు ఎక్కడ వచ్చిందో చూపిద్దామనుకున్నాను. ఇందులో ఏ కంపెనీ లెక్కా లేదు.

కీఫ్రేమ్:
లేదు. కానీ వాడికి మీరు చూపించింది సినిమా కాదు కదా. ఒక బాధ్యత పెట్టారు. నచ్చితేనే తాతయ్యను ప్రేమించినట్టు. పిల్లవాడు లేచి వెళ్ళడమే ఆ సినిమా మీద వాడి అభిప్రాయం. మన అభిప్రాయానికి ఎంత విలువో దానికీ అంతే. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే, ఇంత సూటిగా అనలేదు.

పాతబొమ్మ:
అలాగైతే పిల్లలకి ఏదీ అందించలేం. మొదటిసారి నచ్చలేదంటే వదిలేయాలా? పుస్తకమైనా, పాటైనా పక్కన కూర్చోబెట్టి రుచి నేర్పినవాళ్ళు మనకీ ఉన్నారు. నేను ఒప్పుకోను.

పాయింట్‌గార్డ్:
మా పాపకి ఎనిమిదేళ్ళు. ఏమీ చెప్పకుండా పెట్టాను. పెద్ద మ్యాచ్ కంటే, ఆట పోయిన ఆటగాళ్ళు డాక్టర్ దగ్గర బెంగపడే సీన్లకే ఎక్కువ నవ్వింది. మీరు సాగదీశారన్న సీన్లే అవి. లోలా వచ్చాక ముందుకి జరిగి కూర్చుంది. అయిపోయాక అడిగింది, "ఆ అక్క ఇంకాసేపు ఎందుకు ఆడలేదు?" అని. నేను ఇన్నేళ్ళు ఆ సినిమాను ప్రేమించాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. జవాబూ చెప్పలేకపోయాను. మీ వాణ్ణి కూడా అడగండి, ఎక్కడ విసుగొచ్చిందో. అరవకుండా.

పాతబొమ్మ:
అడుగుతాను. వాడు ఏం చెప్పినా ఆ మొదటి సీను మంచిదే.

కీఫ్రేమ్:
మొదటి సీను మంచిదే. మిగతా గంటంపావు గురించే నా గొడవ.

స్కోర్‌బోర్డు:
రాక్షసుల 11 పాయింట్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తాగింది బగ్స్ జట్టు. రాక్షసుల ఆట ఎందుకు తగ్గింది?