ఎరిన్ ఫిలిప్స్ 31 ఏళ్లొచ్చేదాకా ఫుటీ ఎందుకు ఆడలేదు?

కొత్తగా_చూస్తున్నా:
ఈమధ్యే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) చూడటం మొదలెట్టాను, అదే, కోడిగుడ్డు ఆకారం బంతితో క్రికెట్ గ్రౌండ్‌లో ఆడే ఆట. ఆడవాళ్ల లీగ్ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూలో ఆల్ టైమ్ గ్రేట్ ఎవరని అడిగితే చాలామంది ఎరిన్ ఫిలిప్స్ అంటున్నారు. తీరా ఆవిడ గురించి చదివితే అంతా బాస్కెట్‌బాలే! 2017లో ఈ లీగ్‌లోకి వచ్చేసరికి 31 ఏళ్లు, ఆ మొదటి సీజన్‌లోనే బెస్ట్ ప్లేయర్ అవార్డు, 2023లో రిటైర్మెంట్. నాకర్థం కానిది ఏంటంటే, వేరే ఆటలోంచి వచ్చి రాగానే టాప్‌లో నిలబడిందంటే లీగ్ స్థాయి అంత తక్కువా, లేక ఆవిడే అంత గొప్పదా? అంత బాగా ఆడగలిగినప్పుడు ముందే ఎందుకు రాలేదు?

అడిలైడ్_అభిమాని:
ముందే రావడానికి లీగ్ ఉండాలి కదండీ. ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ మొదటి మ్యాచ్ జరిగిందే 2017 ఫిబ్రవరి 3న. అంతకుముందు ఆడవాళ్లకి రాష్ట్ర స్థాయి పోటీలు ఉండేవి కానీ దానిమీద బతికే పరిస్థితి లేదు.

ఇంకో విషయం, ఆవిడ "వేరే ఆటలోంచి" రాలేదు, పుట్టి పెరిగింది ఫుటీలోనే. వాళ్ల నాన్న గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్ క్లబ్ తరఫున 8 ప్రీమియర్‌షిప్‌లు, అంటే లీగ్ టైటిళ్లు, గెలిచిన డిఫెండర్. చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడేది, 13 ఏళ్లొచ్చాక ఇక వాళ్లతో ఆడకూడదన్నారు, అక్కడితో దారి మూసుకుపోయింది. అప్పుడు బాస్కెట్‌బాల్ పట్టుకుంది. అదీ ఆషామాషీగా కాదు: 2006లో ఆస్ట్రేలియా టీమ్‌తో ప్రపంచ చాంపియన్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతం, అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యుఎన్‌బీఏలో 2012లో ఇండియానాతో ఒకటి, 2014లో ఫీనిక్స్‌తో ఇంకోటి, రెండు టైటిళ్లు. ఇదంతా అయ్యాక అడిలైడ్ క్రోస్ అనే ఫుటీ క్లబ్‌కి వచ్చి చెల్సీ రాండల్‌తో కలిసి కో-కెప్టెన్సీ చేసి, ఆ ఏడే ప్రీమియర్‌షిప్ కొట్టింది. ఫైనల్లో బెస్ట్ ఆన్ గ్రౌండ్ కూడా తనే.

(ఆ ఫైనల్ బ్రిస్బేన్‌లోని గాబాలో జరగాల్సింది, గాయని అడెల్ కచేరీల వల్ల పాడైపోయిన గడ్డి ఆటకి పనికిరాదని గోల్డ్ కోస్ట్‌కి మార్చారు. ఆడవాళ్ల మొట్టమొదటి ఫైనల్‌కి దక్కిన మర్యాద అది!)

సూటిమాట:
అంతా నిజమే కానీ అతను అడిగిన మొదటి ప్రశ్నని దాటేశారు. 2017లో స్థాయి తక్కువే, దాచుకోవడం ఎందుకు? ఆ ఫైనల్ స్కోరు 35-29. గోల్‌కి 6 పాయింట్లు, కాస్త పక్కనుంచి వెళ్తే 1 వచ్చే ఆటలో రెండు టీమ్‌లూ కలిపి కొట్టినవి 8 గోల్స్. చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లు, వాళ్ల మధ్యకి పదిహేనేళ్లు ప్రొఫెషనల్‌గా ఒళ్లు వంచిన మనిషి వస్తే తేడా కనపడకుండా ఉంటుందా? పైకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం, ఒంటితో అవతలివాళ్లని అడ్డుకుంటూ జాగా చేసుకోవడం, ఇవన్నీ బాస్కెట్‌బాల్ నేర్పినవే. కోరా స్టాంటన్‌ని చూడండి, ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడి 36వ ఏట సిడ్నీలోని జీడబ్ల్యూఎస్ క్లబ్‌కి వచ్చింది, వచ్చీరాగానే కుదురుకుంది.

అడిలైడ్_అభిమాని:
స్థాయి తక్కువని కొట్టిపారేస్తే 2019కి ఏం చెప్తారు? రెండేళ్లలో అందరూ మెరుగయ్యారు, ఆవిడకి వయసు పెరిగింది, అయినా రెండోసారి లీగ్ బెస్ట్ ప్లేయర్. ఆ అవార్డుకి ఓట్లు వేసేది అంపైర్లు, ఫ్యాన్స్ కాదు.

నర్సు_గారి_అబ్బాయి:
ఫిలిప్స్ ఒక్కావిడనే చూస్తే ఈ లీగ్‌లో కెరీర్ అంటే ఏంటో తెలీదు. డైసీ పియర్స్ గురించి చదవండి. మెల్‌బోర్న్ కెప్టెన్, వృత్తిరీత్యా మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేసే నర్సు. మొదటి సీజన్‌లో క్లబ్‌కి ఇద్దరు మార్కీ (స్టార్) ప్లేయర్లకి తలా 27,000 డాలర్లు, తర్వాతి మెట్టుకి 12,000, మిగతా వాళ్లందరికీ 8,500. దాంతో ఇల్లు గడవదు కాబట్టే ఉద్యోగాలు. పియర్స్ 2019లో కవలల్ని కని ఆ సీజన్ ఆడలేదు, మళ్లీ వచ్చి 2022 నవంబర్‌లో బ్రిస్బేన్ మీద 4 పాయింట్ల తేడాతో కప్పు ఎత్తింది, ఆట మానేశాక ఇప్పుడు వెస్ట్ కోస్ట్‌కి కోచ్. నా ఓటు ఈవిడకే, ఫిలిప్స్ అభిమానులు ఏమనుకున్నా సరే.

జీతాలు తర్వాత పెరిగాయి లెండి. 2022లో కుదిరిన ఒప్పందంలో అట్టడుగు మెట్టు 20,239 నుంచి 39,184 డాలర్లకి వెళ్లింది, పైమెట్టు 71,935కి. మగవాళ్ల జీతాల పక్కన పెడితే ఇప్పటికీ ఏ మూలకీ రాదు.

కొత్తగా_చూస్తున్నా:
థాంక్స్ అందరికీ. ఆవిడ మోకాలి గాయం గురించి కూడా ఎక్కడో చదివాను, అది ఏ మ్యాచ్‌లో?

అడిలైడ్_అభిమాని:
2019 ఫైనల్, అడిలైడ్ ఓవల్, కార్ల్‌టన్ మీద. ఫ్రీ ఎంట్రీ పెడితే 53,034 మంది వచ్చారు. మూడో క్వార్టర్‌లో ఎడమ మోకాలు మెలితిరిగి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు. 63-18తో గెలిచారు, ఆఖరి క్వార్టర్ ఆడకపోయినా మళ్లీ బెస్ట్ ఆన్ గ్రౌండ్ ఈవిడే. ఇంకెవరైనా అయితే ఆ వయసులో అక్కడితో ఆపేసేవాళ్లు. తను తిరిగొచ్చి 2022 ఏప్రిల్‌లో (ఆ ఏడు రెండు సీజన్లు జరిగాయి) మూడో ప్రీమియర్‌షిప్ గెలిచి, వాళ్ల నాన్న క్లబ్ పోర్ట్ అడిలైడ్‌కి ఆడవాళ్ల టీమ్ రాగానే దానికి మొదటి కెప్టెన్‌గా వెళ్లింది. ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూ ప్లేయర్లలో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ముందు వెళ్లింది కూడా తనే, 2025లో.

సూటిమాట:
సరే, ఆ 2019 విషయంలో నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటున్నా. కానీ మోకాళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ లీగ్‌లో ఏసీఎల్ గాయాలు మగవాళ్ల కంటే చాలా ఎక్కువ. చిన్నప్పటి నుంచి దూకి దిగడం, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చడం, టాకిల్ తట్టుకోవడం ఏళ్ల తరబడి నేర్పితే కొంత తగ్గుతుందంటారు. 13 ఏళ్లకే గ్రౌండ్ బయటికి పంపేస్తే ఆ శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? ఇప్పుడు 18 క్లబ్బులకీ ఆడవాళ్ల టీమ్‌లున్నాయి, కింద అమ్మాయిల పోటీలూ ఉన్నాయి, ఆగకుండా ఆడుతూ పైకొచ్చిన పిల్లలు ఇప్పుడిప్పుడే సీనియర్ టీమ్‌ల్లో కనపడుతున్నారు. సీజన్ ఆగస్టులో మొదలవుతుంది, పాత హైలైట్స్‌తో ఆగకుండా లైవ్ మ్యాచ్ ఒకటి పూర్తిగా చూడండి, స్థాయి గురించి మీకే తెలుస్తుంది.