కిడ్నీ మార్పిడి అయిన నాన్నని ఊరికి పంపొచ్చా?

నాన్నకి కిడ్నీ మార్పిడి అయి నాలుగు నెలలైంది. ఇచ్చింది అమ్మే. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్‌తో పాటు ఇన్ఫెక్షన్ రాకుండా సెప్ట్రాన్, వాల్‌గాన్‌సైక్లోవిర్ కూడా వేసుకుంటున్నారు. ఇప్పుడు ఊరెళ్తానని ఒకటే గొడవ. ఇంటి వెనకే గేదెల కొట్టం, గడ్డివాము. బూజు పట్టిన గడ్డి దులిపితే ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందంటే, మాస్కు పెట్టుకుంటాగా అంటారు! పోయిన వారం 101 జ్వరమొస్తే చెప్పకుండా డోలో వేసుకుని పడుకున్నారు. దిండు కింద ఖాళీ రేకు అమ్మకి దొరికింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఏ క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్కో ఇస్తే రక్తంలో టాక్రోలిమస్ స్థాయి పెరిగిపోతుందని ఇంకో టెన్షన్. డాక్టరుగారిని ఎలాగూ అడుగుతాం. మీ ఇళ్లలో ఇలాంటివాళ్లని ఎన్నాళ్లకి ఊరు పంపారు? తాగే నీళ్లు, పెరుగు, పెళ్లి భోజనాల దగ్గర ఏం జాగ్రత్తలు తీసుకున్నారు?