సంఘం వేడుక: పిల్లల స్క్రాప్‌బుక్ గదికి వాలంటీర్లు కావాలి

పిల్లల విభాగం:
అందరికీ నమస్కారం. స్క్రాప్‌బుక్ గది, అంటే పిల్లలు ఫొటోలు అతికించి వాటి కథ రాసుకునే పుస్తకం చేసే గది, ఖాయమైంది. ఒక్క విషయం ముందే చెప్తాను. పేజీ అందంగా రావడం కోసం కాదు మనం ఇది పెట్టేది. తెచ్చుకున్న ఫొటోల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది ముందు జరిగింది అని పిల్లలే తేల్చుకోవాలి. అసలు నేర్చుకునేది అక్కడే. అందుకే ముందే డిజైన్ వేసిన పేజీలు, రెడీమేడ్ స్టిక్కర్లు వద్దు.

రిజిస్ట్రేషన్:
అక్కా, మరీ చిన్నవాళ్లకి రాయడం రాదు కదా. వాళ్లనేం చేద్దాం?

పిల్లల విభాగం:
రాయడం రానక్కర్లేదమ్మా. వాళ్లు చెప్తుంటే పక్కనున్న వాలంటీర్ రాయాలి, అదీ వాళ్ల మాటల్లోనే. "తాతయ్య జారిపోయారు, నేను నవ్వాను, అమ్మ తిట్టింది" అంటే అంతే రాయండి, వాక్యం దిద్దొద్దు. తర్వాత ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివి వినిపించండి. తను అన్న మాటే కాగితం మీదికి వచ్చిందని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది. ఇక్కడ పుట్టి, తెలుగు మాట్లాడుతూ రాయలేని పెద్ద పిల్లలకీ ఇదే పద్ధతి పెడదాం.

అడిగే తీరు కూడా ముఖ్యం. "బాగుందా?" అంటే "ఊఁ" అని ఊరుకుంటారు. "తర్వాత ఏమైంది? నీ పక్కన ఎవరున్నారు?" అంటే కథ కదులుతుంది. ఇలా గుచ్చి గుచ్చి అడిగే తల్లుల పిల్లలు జరిగినవాటిని మరింత వివరంగా గుర్తుచేసుకుని చెప్తారని ఎలెయిన్ రీస్, రాబిన్ ఫైవుష్ వంటి పరిశోధకులు 1990లలోనే చూపించారు.

సామాన్లు:
నా వంతు నేను చూసుకుంటానండీ. మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు, ఎడమచేతి వాటం పిల్లలకి విడిగా కొన్ని. నీళ్ల జిగురు రాస్తే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, గ్లూ స్టిక్ చాలు. (జిగురు తంటా పాతదే. అమెరికన్ రచయిత మార్క్ ట్వెయిన్ 1873లో ముందే జిగురు పూసిన స్క్రాప్‌బుక్‌కి పేటెంట్ తీసుకున్నారు.) పేజీలు యాసిడ్ లేనివే తెస్తాను. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, త్వరగా పసుపు రంగుకి మారి ఫొటోని కూడా పాడుచేస్తుంది. పీవీసీ కవర్లూ వద్దు. అసలు ఫొటోలు ఇంట్లోనే ఉంచి కాపీలు తెమ్మని తల్లిదండ్రులకి ఎవరైనా మెయిల్ పెట్టండి.

రిజిస్ట్రేషన్:
మెయిల్ నేను పెడతాను. తల్లిదండ్రులు గదిలో ఉండొచ్చా?

పిల్లల విభాగం:
ఉండొచ్చు, కానీ కుర్చీలు గోడవైపు వేద్దాం. గుండ్రంగా కత్తిరించాలంటే ఒక చేయి కత్తెర ఆడిస్తుంటే రెండో చేయి కాగితాన్ని మెల్లగా తిప్పాలి. చిన్నవాళ్లకి అది పెద్ద పని, నాలుక బయటపెట్టి మరీ చేస్తారు. అంచు వంకరపోగానే పెద్దవాళ్లు ఆగలేక చేతిలోంచి లాక్కుంటారు. వంకరగానే అతికించనివ్వండి, దయచేసి.

కత్తెరల టేబుల్ దగ్గర ఓపికగా కూర్చునేవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి. తెలుగు చక్కగా రాసేవాళ్లు ఉంటే పిల్లలు చెప్పింది రాసే పని వాళ్లకే. ఎవరు వస్తారో ఇక్కడే చెప్పండి.