పోర్చుగీసు నేర్చుకునేవాళ్లని ఏ బ్యాచ్‌లో వెయ్యాలి: టిక్కులు పెట్టించా, మాట్లాడించా?

రాయగడ_మాస్టారు:
మన రాయగడ, గుణుపురం వైపు నుంచి మొజాంబిక్ పనులకెళ్లేవాళ్లకి పోర్చుగీసు చెప్తున్నాను. మొన్న ఓ వెల్డరు వచ్చాడు, అక్కడ నాలుగేళ్లు చేసొచ్చిన మనిషి. ఎక్కడో ఆన్‌లైన్ టెస్టు రాస్తే 40కి 9 వచ్చాయంట, ఏ1లో, అంటే ఓనమాల దగ్గర కూర్చోబెట్టారు. నాతో మాత్రం జీతం కోసం సూపర్‌వైజరుతో ఎలా గొడవపడ్డాడో మొత్తం పోర్చుగీసులోనే గడగడా చెప్పాడు. సంగతేటంటే ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఈయనకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. బస్సు బొమ్మ పక్కన నాలుగు మాటలిచ్చారు, బ్రెజిల్‌లో అనే ఓనిబుస్ ఉంది గానీ మొజాంబిక్‌లో అనే మషింబొంబు లేదు. అది పోర్చుగీసు టెస్టా, ఇంగ్లీషు టెస్టా? ముందు మాట్లాడించాలి, ఏం చెయ్యాలో తెలుగులోనో ఒడియాలోనో నోటితో చెప్పాలి.

బరంపురం_అక్క:
ఒప్పుకోను మాస్టారూ. అరవై మంది వస్తే తలా పది నిమిషాలంటే పది గంటలు, ఎవరు కూర్చుంటారు? పొద్దున్న వచ్చినోడికి ఒక మార్కు, మనం అలిసిపోయాక వచ్చినోడికి ఇంకోటి పడుద్ది, టిక్కుల్లో ఆ తేడా రాదు. పైగా మనవాళ్లు తెలుగులో క్రియ లేకుండా "నేను వెల్డర్ని" అన్నట్టే పోర్చుగీసులోనూ క్రియ మింగేస్తారు, మాటల జోరులో అది మనకి వినపడదు.

రాయగడ_మాస్టారు:
బ్రెజిల్ వాళ్ల పోర్చుగీసు పరీక్ష సెల్పీ-బ్రాస్ 1998 నుంచి నడుస్తోంది, అందులో విడిగా వ్యాకరణం ప్రశ్నలే ఉండవు, విని, చదివి రాయాలి, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, ఆ ఒక్క పరీక్షతోనే నాలుగు స్థాయిలు తేలుస్తారు. పోర్చుగల్‌లో లిస్బన్ వాళ్లవి స్థాయికో పరీక్ష, మన స్థాయేంటో మనకే ముందు తెలియాలి, ఇక్కడ మనకి తెలియనిదే అది కదమ్మా.

జయపురం_ఫిట్టర్:
నేనూ ఆ వెల్డరు లాంటోణ్ణే. మాటొస్తుంది, సేఫ్టీ కాయితం చదవలేను. పై బ్యాచ్‌లో వేస్తే రాత దగ్గర మునిగిపోయాను, కిందేస్తే "బోం దియా" (శుభోదయం) దగ్గర నిద్రొచ్చేసేది. మాటకో బ్యాచ్, రాతకో బ్యాచ్ పెడితే ఏం పోయింది?

బరంపురం_అక్క:
టైం కుదిరితే అదే మంచిది తమ్ముడూ, నాకు తోచలేదు. కానీ మాస్టారూ, అడిగేవి ముందే రాసుకోండి, అందరికీ అవే అడగండి.

రాయగడ_మాస్టారు:
రాసుకున్నాను. ఇల్లెక్కడ, పనేటి, నిన్న ఏం చేశావు, జీతం ఇవ్వకపోతే ఏం చేస్తావు. ఆ చివరిదాంట్లోనే దొరుకుద్ది, "ఇవ్వకపోతే" అనడానికి పోర్చుగీసులో "సె" (ఒకవేళ) తర్వాత క్రియ వేరే రూపంలోకి మారాలి, "సె నావ్ పగారెం" (వాళ్లు డబ్బివ్వకపోతే) అని తడుముకోకుండా అన్నాడంటే మాటల్లో పై బ్యాచే.