హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైళ్ళలో మొదటి స్టీమ్ ఇంజన్, ఏ బ్రాండ్ మంచిది?

నమస్తే అండీ, మేం డల్లాస్‌లో ఉంటాం, గరాజ్‌లో 4 బై 8 ప్లైవుడ్ మీద హెచ్‌ఓ ట్రాక్ వేశాం, కర్వ్‌లు 18 అంగుళాల రేడియస్. ఇన్నాళ్ళూ డీజిల్ ఇంజన్లే, ఇప్పుడు స్టీమ్ కొందామని ఉంది, మావాడి కన్నంతా యూనియన్ పసిఫిక్ రైల్వే వాళ్ళ భారీ స్టీమ్ ఇంజన్ బిగ్ బాయ్ మీదే. బాక్‌మన్, బ్రాడ్‌వే లిమిటెడ్, మార్క్లిన్ చూశాం, ఏది తీసుకోమంటారు?

జవాబు 1:
బ్రాండ్ సంగతి తర్వాత, ముందు కర్వ్ చూస్కోండి. అసలు బిగ్ బాయ్ టెండర్‌తో (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే పెట్టె) కలిపి 132 అడుగుల పైనే, 87తో భాగిస్తే మోడల్ అడుగున్నర వస్తుంది. మీ మలుపులో దాని బాయిలర్ ముందు భాగం ట్రాక్ బయటికి బాగా పొడుచుకొచ్చి పక్కన సిగ్నల్ స్తంభం ఉంటే దాన్ని కొట్టేస్తుంది. బాక్‌మన్ 2-8-0 (ముందు 2 చిన్న చక్రాలు, తర్వాత 8 పెద్ద చక్రాలు) కన్సాలిడేషన్ తీస్కోండి, చిన్న ఇంజనే గానీ మీ కర్వ్‌లకి సరిగ్గా సరిపోతుంది, మెల్లగా నడిపితే చక్రాల రాడ్లు తిరగడం చూస్తూ కూర్చోవచ్చు.

జవాబు 2:
మార్క్లిన్ క్వాలిటీకి తిరుగులేదు, కాకపోతే వాళ్ళ మామూలు హెచ్‌ఓ ఇంజన్లు త్రీ రైల్ ఏసీవి (పట్టాల మధ్య ఉండే మూడో కాంటాక్ట్ నుంచి కరెంట్ తీసుకుంటాయి), మీ టూ రైల్ ట్రాక్ మీద పెడితే షార్ట్ అవుతుంది. దాని జోలికెళ్ళొద్దు. సౌండ్, పొగ కావాలంటే మాత్రం బ్రాడ్‌వే.

జవాబు 3:
ఏది కొన్నా చక్రాలు తుడవండి. టిష్యూకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి పట్టాల మీద పరిచి, సగం చక్రాలు దాని మీద పెట్టి కరెంట్ ఇస్తే నల్లటి చారలు దిగుతాయి, హెడ్‌లైట్ మిణుకుమనడం కూడా తగ్గిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, అయితే కన్సాలిడేషనే తీసుకుంటాం. కర్వ్‌లు పెద్దవి చేశాక బిగ్ బాయ్ చూద్దామని మావాడికి చెప్తాను.